మంచం కింది గొంతు

తలుపు బాబాయ్ ఆ కథని టీవీల్లో ఎన్నిసార్లు చెప్పాడో ఆయనకే లెక్క లేదు. చెప్పిన ప్రతిసారీ జనం నవ్వారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నవ్వనిది ఆయన భార్య మాత్రమే.

ఆ మధ్యాహ్నం కూడా ఆమె ఛానల్ స్టూడియోలో ప్రేక్షకుల మధ్య, చివరి కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఆయన కళ్ళజోడు పెట్టె, మంచినీళ్ళ సీసా. ఎదురుగా లైట్ల కింద ఎర్ర సోఫాలో ఆయన. పక్క సోఫాలో యాంకరమ్మాయి.

"మీ మొదటి సీరియల్ గురించి చెప్పండి బాబాయ్."

"సీరియల్ అనకు తల్లీ. అప్పట్లో నాటకం. అదీ లైవ్. తప్పు చేస్తే తుడుచుకోడానికి లేదు, ఊరంతా చూసేసేది. ఊరంతా అంటే ఎంతమందిలే, టీవీలు ఉన్నదే నాలుగిళ్ళలో. నా జీవితంలో అదృష్టం అంటూ ఉంటే అదొక్కటే."

జనం కదిలారు. ఆయన సోఫాలో కొంచెం ముందుకి జరిగాడు.

"నాకు చిన్నప్పట్నుంచీ జ్ఞాపకశక్తి జాస్తి. ఏది మర్చిపోవాలో కచ్చితంగా గుర్తుంటుంది. అందుకని నాకో ప్రాంప్టర్ని ఇచ్చారు. సీనేంటంటే మా నాన్న పోయాడు. మంచం మీద శవం. మంచం కింద కాగితాలు పట్టుకుని ప్రాంప్టరు. తెలివైనవాళ్ళిద్దరూ హాయిగా పడుకున్నారు, నిలబడ్డది నేనొక్కణ్ణే."

నవ్వులు.

"కింద నుంచి గొంతు వస్తుంది. అది విని నేను ఏడుస్తూ అప్పజెప్పాలి. 'నాన్నా, నన్ను ఒంటరివాణ్ణి చేసి వెళ్ళిపోయావా.' అప్పజెప్పాను. 'ఇక నాకు దిక్కెవరు నాన్నా.' అప్పజెప్పాను. ఇంతలో ఎవడో పుణ్యాత్ముడు వెనక తలుపు తీశాడు."

ఆమె చూపు ఆయన కుడికాలి బూటు మీదికి పోయింది. బూటు ముందు భాగం లోపల్నుంచి పైకి లేచి, దిగి, మళ్ళీ లేచింది. జోకు పేలబోయే ముందు ఆయన బొటనవేలు అలా తాళం వేస్తుంది. ఈ సంగతి ప్రపంచంలో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

"కింద నుంచి 'ఆ తలుపెయ్యండి, దోమలొస్తాయి' అని వినపడింది. నేను శవం మీద పడిపోయి, గుండెలు బాదుకుంటూ..." ఆయన ఆగాడు. హాలంతా ఊపిరి బిగపట్టింది. "'ఆ తలుపెయ్యండి నాన్నా, దోమలొస్తాయి.'"

స్టూడియో గొల్లుమంది.

"శవానికి పొట్ట ఊగిపోతోంది. 'నాన్న బతికాడు' అని సర్దేద్దామనుకున్నాను. కానీ ఆ లైను కింద నుంచి రాలేదు."

యాంకరమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "మరి పాపం ఆ ప్రాంప్టర్ ఏమయ్యారు?" అంది.

"ప్రాంప్టర్ తప్పేముంది తల్లీ. నాలాంటి గాడిదకి ఏడుపేంటో తలుపేంటో ఏం తెలుసు? తప్పంతా నాదే."

చప్పట్లు. ప్రతిసారీ ఇక్కడే చప్పట్లు. ఆమె సీసా మూత బిగించింది. ఆ నాటకం మర్నాడే ప్రాంప్టర్ని పనిలోంచి తీసేశారు. ఆ వారమే నటుణ్ణి సినిమావాళ్ళు పిలిచారు. పని పోయిన ప్రాంప్టర్ని పని దొరికిన నటుడు పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగింది. "తలుపెయ్యమన్నది నేను. ఆ తప్పు కూడా మీరే పట్టుకుపోయారు. నాకేం మిగిల్చారు?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నిన్ను కాపాడానే," అన్నాడు.

"ఇప్పుడు కొత్త సినిమాలో మమ్మల్ని ఏడిపించబోతున్నారటగా," అంటోంది యాంకరమ్మాయి. "మొదటిసారి సీరియస్ వేషం. ఎలా ఉంది బాబాయ్?"

ఆయన నవ్వుతూ ఆ అమ్మాయి వైపు చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. తర్వాత సోఫాలో ముందుకి జరిగాడు.

"సీరియల్ అనకు తల్లీ. అప్పట్లో నాటకం. అదీ లైవ్. తప్పు చేస్తే తుడుచుకోడానికి లేదు."

ముందు ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. 'నాలుగిళ్ళలో' దగ్గరికి వచ్చేసరికి హాలంతా అందుకుంది. ఆయన ఏమాత్రం తడబడకుండా, ఒక్క మాట పొల్లు పోకుండా, మొత్తం కథ మళ్ళీ చెప్పాడు. యాంకరమ్మాయి పొట్ట పట్టుకుని సోఫాలో పక్కకి వాలిపోయింది. ఇంత గొప్ప ఆకతాయితనం ఈ మధ్యకాలంలో ఎవరూ చూడలేదు.

ఆమె బూటునే చూస్తోంది. తలుపు తీశారు. శవం మీద పడ్డాడు. దోమలొచ్చాయి. బూటు కదల్లేదు.

కారులో ముందు సీట్లోంచి ఆమె తమ్ముడు వెనక్కి తిరిగాడు. బావగారి షూటింగ్ డేట్లన్నీ చూసేది అతనే. "బావా, ఏం దెబ్బ కొట్టావయ్యా. రెండోసారి మొత్తం చెప్పావు చూడు, ఆ పిల్లకి ఊపిరాడలేదు. నాకు ముందు ఒక ముక్క చెప్పకూడదూ?"

"రెండోసారా?" అన్నాడు ఆయన.

తమ్ముడు మళ్ళీ నవ్వాడు. ఆమె ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

*

డాక్టరు చెప్పాల్సింది అంతకు ముందే చెప్పేశాడు. పాతవి ఉంటాయి, కొత్తవి నిలవవు, మెల్లగా పాతవీ పోతాయి. మందులు పోవడాన్ని ఆపవు, కాస్త బతిమాలతాయి. డాక్టరు ఈ మాట అన్నప్పుడు ఆయన, "నా బామ్మర్ది కూడా అంతేనండీ, నిర్మాతల్ని బతిమాలతాడు, వాళ్ళు ఆగరు," అన్నాడు. డాక్టరు నవ్వాడు. అందరూ నవ్వుతారు.

వంటింట్లో బల్ల మీద సీను కాగితాలు పరిచి ఉన్నాయి. ఆస్పత్రి గది. మంచం మీద చనిపోయిన కూతురు. తండ్రి పక్కన కూర్చుని, పిల్ల నిద్రపోతోందన్నట్టు మాట్లాడతాడు. మధ్యలో కట్ లేదు, మొత్తం ఒకే షాటు.

"లేమ్మా. ఎండెక్కింది," అంది ఆమె.

"లేమ్మా. ఎండెక్కింది," అన్నాడు. ఆ రెండు మాటలకే వంటిల్లు చల్లబడింది. గొంతులో ఎక్కడా నటన లేదు.

"జడ నేనే వేస్తాను."

"జడ నేనే వేస్తాను. వంకరగా ఉందని..." ఆగాడు. "వంకరగా ఉందని?"

"వంకరగా ఉందని తిట్టకు."

"తిట్టకు." కాసేపు తల దించుకున్నాడు. "మొదటిదేంటి?"

పొద్దున్నుంచీ ఇదే. చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టుంది. అందించినంతసేపూ ఆయన గొంతు బంగారం. అందించడం ఆపితే శూన్యం. ఆ సినిమా దర్శకుడు కుర్రవాడు, పట్టుదల మనిషి. సెట్లో ప్రాంప్టింగ్ ఉండకూడదు, మాట అక్కడికక్కడే రికార్డవ్వాలి, డబ్బింగ్ లేదు అని కథ చెప్పిన రోజే తేల్చి చెప్పాడు.

"ఏవండీ, చెప్పేద్దాం అతనికి," అంది ఆమె.

"చెప్తే?"

"వేరేవాళ్ళని పెట్టుకుంటాడు."

"పెట్టుకుంటాడు. ఆ తర్వాత ఫోను మోగదు." ఆయన కాగితాల అంచులు సమంగా సర్దుతున్నాడు, పేకముక్కలు సర్దినట్టు. "ప్రాంప్టరూ, ఒకటి చెప్పనా? ఇన్నేళ్ళూ నా మీద నేనే బురద పోసుకుని జనాన్ని నవ్వించాను. మంచి బురద, నాణ్యమైనది. ఈ కుర్రాడొక్కడే వచ్చి, మీరు నవ్వించక్కర్లేదు అన్నాడు. ఒక్క సీను. ఒక్క సీనులో నన్ను చూసి ఎవరూ నవ్వకుండా ఉంటే చూడాలని ఉంది. ఆ తర్వాత పేరు మర్చిపోయినా నాకు బెంగ లేదు."

"ఎవరి పేరు?"

"ముందు నాది. నీది ప్రాంప్టరేగా, అది పాతది. నిలుస్తుంది."

ఆమె లేచి, చెయ్యి తుడుచుకుని, సౌండ్ ఇంజనీరుకి ఫోన్ చేసింది.

అతను ఆ పాత టీవీ రోజుల్లో మైకు కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషి. ఇప్పుడు ఈ సినిమాకి సౌండ్ అతనిదే. సాయంత్రం వచ్చి, చొక్కా జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. అందులో బఠాణీ గింజంత పరికరం ఒకటి, పిడికిట్లో పట్టే మైకు ఒకటి.

"ఇది అన్నయ్య చెవిలో. ఇది మీ చేతిలో, వదినగారూ. ఈ బటన్ నొక్కి ఉంచినంతసేపూ మీ మాట ఆయనకి వినపడుతుంది. వదిలేస్తే కట్. మీరు మేకప్ వ్యాన్లో కూర్చోండి, చిన్న మానిటర్ పెడతాను." డబ్బీ మూస్తూ ఆగాడు. "దర్శకుడికి తెలిస్తే నా మిషన్లూ నేనూ రోడ్డు మీద."

"తెలియదు," అంది ఆమె.

"అన్నయ్యా, వినపడుతోందా?" అని అతను మైకులో అన్నాడు.

"అన్నయ్యా, వినపడుతోందా?" అన్నాడు ఆయన వెంటనే. బొటనవేలు ఆడుతోంది. ముగ్గురూ నవ్వుకున్నారు.

*

మొదటి రెండు రోజులూ చిన్న సీన్లు. ఆస్పత్రి వరండా. మందుల కొట్టు. డాక్టరుతో మాటలు.

మేకప్ వ్యాన్లో ఆమె అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. ఒళ్ళో కాగితాలు, ఎదురుగా పలకంత మానిటర్, చేతిలో మైకు. మొదటి లైను అందించేటప్పుడు కాగితం మీద వేలు పెట్టి వెతుక్కుంది. రెండో లైనుకి పాత పని ఒంట్లోకి తిరిగొచ్చింది. ఆయన ఊపిరి తీసే లోపల మాట చేరాలి. ముందైతే తొక్కేస్తుంది, వెనకైతే ఆయన కళ్ళు వెతుకుతాయి. మాట అందించేటప్పుడు అందులో భావం పెట్టకూడదు, అన్నంలో ఉప్పు తినేవాడే వేసుకోవాలి. ఇవన్నీ ఆమెకి ఎవరూ మళ్ళీ నేర్పక్కర్లేకపోయింది.

మందుల కొట్టు సీనులో ఆయన చిల్లర చేతిలో పట్టుకుని, "పిల్లకి చేదు పడదండీ, తియ్యగా ఉండేది ఇవ్వండి," అన్నాడు. లైటు పట్టుకున్నవాడు మొహం అవతలికి తిప్పుకున్నాడు. దర్శకుడు కట్ చెప్పడం మర్చిపోయాడు.

షాటయ్యాక ఆయన వ్యాన్లోకి వచ్చి, తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

"నవ్వారా?"

"లేదు."

"ఒక్కడూ?"

"ఒక్కడూ నవ్వలేదు."

ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఊదుకుంటూ, పండక్కి కొత్త చొక్కా వేసుకున్న పిల్లాడిలా కూర్చున్నాడు. కాసేపటికి, "ఇవాళేం సీను తీశారు?" అని అడిగాడు. చెప్పింది. "బాగానే ఉందే," అన్నాడు.

ఆ పూట ఆమె కాగితాలు మడుస్తూ కూనిరాగం తీసింది. తర్వాత తన గొంతు తనే విని సిగ్గుపడింది. ఆయన మనసు ఖాళీ అయిపోతుంటే తనకి పని దొరికింది.

*

అన్నిటికన్నా ఆఖరికి ఉంచిన పెద్ద సీను రోజున షూటింగ్ ఫ్లోర్ అంతా గుసగుసలే. ఆస్పత్రి గది సెట్టు. ఇనప మంచం, తెల్ల దుప్పటి, దాని మీద కూతురి వేషం వేసిన అమ్మాయి. దర్శకుడు అందరి ఫోన్లూ ఆపించాడు. ఆయన నీలం చారల చొక్కాతో, అరిగిన రబ్బరు చెప్పులతో స్టూలు మీద కూర్చున్నాడు.

వ్యాన్లో ఆమె బటన్ నొక్కింది.

"లేమ్మా. ఎండెక్కింది."

మానిటర్లో ఆయన మొహం మాత్రమే ఉంది. నిండుగా. "లేమ్మా," అన్నాడు. "ఎండెక్కింది."

"జడ నేనే వేస్తాను. వంకరగా ఉందని తిట్టకు."

ఆయన చెయ్యి పిల్ల జుట్టు మీదికి వెళ్ళింది. మూడు పాయలు తీశాడు. ఒక పాయ జారిపోయింది. అది కాగితంలో లేదు, ఆయన చేశాడు. అలాగే వెళ్ళింది సీను, ఒక్కో లైనూ ఒక్కో మెట్టు దిగినట్టు. సగం దాటింది. ముప్పావు దాటింది. "నిన్న నిన్ను కసిరాను కదూ" దగ్గర ఆయన కంట్లో నీళ్ళు తిరిగి, కిందికి పడకుండా నిలబడ్డాయి.

వ్యాన్ తలుపు తెరుచుకుంది. తమ్ముడు.

"అక్కా, ఏంటిది?"

ఆమె ఎడంచేత్తో బయటికి పొమ్మని సైగ చేసింది. అతను లోపలికొచ్చి తలుపు వేశాడు.

"పొద్దున్న బావ నన్ను 'మీరు' అన్నాడు. 'మీరు ఎవరి తాలూకండీ' అని అడిగాడు. నేను నవ్వాను. ఇందాక మళ్ళీ అదే అడిగాడు. ఎంత మర్యాదగా అడిగాడో తెలుసా? నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ బావ నన్ను 'ఒరే' అని తప్ప పిలవలేదు. బయట ఒక సీరియల్ వాళ్ళు ఏడాది డేట్లకి కూర్చుని ఉన్నారు, నేను సరే అనెయ్యబోతున్నాను. జోకైతే జోకని చెప్పక్కా, ఒప్పుకుంటాను."

ఆమె పళ్ళు బిగించింది. పిడికిలి కూడా బిగుసుకుంది.

"జోకు కాదురా," అంది. గొంతు చాలా నెమ్మదిగా, ఏ భావమూ లేకుండా వచ్చింది. "మీ బావకి మతి పోతోంది. నిన్నటిది ఇవాళ గుర్తుండదు. కొన్నాళ్ళు పోతే నేనెవరో కూడా తెలియదు. ఎవరికీ చెప్పకు."

తమ్ముడు ఆమె వైపు చూడటం లేదు. మానిటర్ వైపు చూస్తున్నాడు.

మానిటర్లో ఆయన చనిపోయిన పిల్ల నుదుటి మీద వెంట్రుకలు సవరిస్తున్నాడు.

"జోకు కాదురా," అన్నాడు. నిలబడ్డ కన్నీటి చుక్క అప్పుడు జారింది. "మీ బావకి మతి పోతోంది. నిన్నటిది ఇవాళ గుర్తుండదు." వంగి పిల్ల చెవి దగ్గర రహస్యంలా చెప్పాడు. "కొన్నాళ్ళు పోతే నేనెవరో కూడా తెలియదు. ఎవరికీ చెప్పకు."

అంత బాగా ఆయన ఎప్పుడూ నటించలేదు.

తర్వాత లైట్ల వెనకనుంచి ఎవరో, "తలుపు బాబాయ్ మళ్ళీ ఏశాడ్రోయ్," అన్నారు. అంతే, ఫ్లోర్ పగలబడిపోయింది. కెమెరా వెనకవాడు స్టాండ్ పట్టుకుని వంగిపోయాడు. మంచం మీద దుప్పటి ఊగిపోయింది. శవం పొట్ట పట్టుకుని లేచి కూర్చుంది. "ఏంటి బాబాయ్," అంటోంది ఆ పిల్ల, నవ్వలేక, "ఇంత సీరియస్ సీనులో."

ఆయన నవ్వలేదు. అందరి వైపూ చూడలేదు. తల కొంచెం పక్కకి వంచి, పెద్దవాళ్ళు అడిగితే అప్పజెప్పడానికి సిద్ధంగా ఉన్న పిల్లాడిలా, తర్వాతి లైను కోసం చూస్తున్నాడు.

ముందు దర్శకుడి నవ్వు ఆగింది. అతను సౌండ్ ఇంజనీరు వైపు తిరిగాడు. సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, నేల చూపులు చూస్తున్నాడు. తర్వాత ఒక్కొక్కరే, దీపాలు ఆర్పినట్టు, ఆగిపోయారు.

వ్యాన్లో ఆమె బొటనవేలు ఇంకా బటన్ మీదే ఉంది. గోరు తెల్లబడింది. దాన్ని ఆమె తియ్యలేకపోతే తమ్ముడే ఊడదీశాడు.

*

దర్శకుడు వ్యాన్లోకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"నాకు చెప్పుండాల్సిందమ్మా."

"చెప్తే ఉంచుకునేవాడివా బాబూ?"

అతను చెయ్యి చాచి మానిటర్ ఆపాడు. "ఈ ఒక్క షాటే మిగిలింది. వేరేవాళ్ళతో మొదట్నుంచీ తియ్యడం కుదరదు. రేపు తీసేద్దాం. ఆ చెవిలోది వద్దు, మీరు సెట్లోనే ఉండి గట్టిగా అందించండి. సౌండ్ గురించి ఆలోచించకండి." గొంతు సవరించుకున్నాడు. "మాటలు తర్వాత వేరే ఆర్టిస్టు చేత చెప్పిస్తాం."

"ఆయన గొంతు ఉండదా?"

"ఉండదమ్మా. ఈ సీనుకి మారిస్తే మిగతావాటికీ మార్చాలి, అన్నిట్లోనూ ఒకే గొంతు ఉండాలి కదా."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన కంచంలో గీతలు గీస్తూ అడిగాడు. "ఇవాళ అందరూ నవ్వారు కదూ."

"నవ్వారు."

"ఏం చేశాను?"

ఆమె ఆయన కంచంలో పెరుగు వేసింది. "షాటు మధ్యలో తలుపెయ్యమన్నారు."

"మళ్ళీనా?" ఆయన మొహం విప్పారింది. "గాడిద. ఎన్నేళ్ళొచ్చినా గాడిద గాడిదే. తప్పంతా నాదే."

"మీదే," అంది ఆమె.

*

మర్నాడు సెట్లో అడుగు పెట్టగానే ఆమెకి తెలిసిపోయింది. కుర్చీ వచ్చింది. చేతుల కుర్చీ, వీపుకి దిండుతో సహా. నిన్నటిదాకా "బాబాయ్, జరుగు, లైటు పడట్లేదు" అన్న లైటువాడు దగ్గరికొచ్చి, "కూర్చోండి సార్," అన్నాడు, ఒక్కో మాటా విడదీసి, చెవిటివాళ్ళతో చెప్పినట్టు.

"సార్‌కి టీలో చక్కెర వెయ్యమంటారా అమ్మా?" అని టీ తెచ్చిన మనిషి ఆమెని అడిగాడు.

"ఆయన్నే అడగండి," అంది.

టీ మనిషి ఆయన వైపు చూసి నవ్వు మొహం పెట్టి, మళ్ళీ ఆమె వైపే తిరిగి, జవాబు కోసం నిలబడ్డాడు.

తమ్ముడు ఒక మూల నిలబడి ఉన్నాడు. సీరియల్ వాళ్ళని పంపించేశాడు. ఆయన అతని పక్కనుంచి వెళ్తూ, "ఒరే, నిద్రపోలేదా, కళ్ళేంటి అలా ఉన్నాయి," అన్నాడు. తమ్ముడు మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఈ రోజు మంచి రోజు. అప్పుడప్పుడూ అలాంటివీ వస్తాయని డాక్టరు చెప్పాడు.

సౌండ్ ఇంజనీరు అలవాటుగా చెవిలో పరికరం పెట్టబోతే ఆయన తీసేశాడు. "పురుగు దూరినట్టుంది. నువ్వు ఎక్కడుంటావు?"

"మంచం కింద."

ఆయన మంచం వైపు చూశాడు, ఆమె మోకాళ్ళ వైపు చూశాడు. "పాపం ప్రాంప్టరూ," అన్నాడు. "పైన ఖాళీ ఉంటే శవం వేషం ఇప్పించేవాణ్ణి."

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఒక చెయ్యి నేలకి ఆనించి, మోకాళ్ళు కలుక్కుమంటుంటే మంచం కిందికి దూరింది. సిమెంటు చల్లగా ఉంది. రంగు పూసిన చెక్క వాసన, దుమ్ము. కాగితాలు మొహం మీద పట్టుకుంది. అక్కణ్ణుంచి ఆమెకి కనిపించేది స్టూలు కాళ్ళు, రబ్బరు చెప్పులు, వాటిలో ఆయన పాదాలు.

"యాక్షన్," అన్నాడు దర్శకుడు, గుడ్డ పరిచినంత మెత్తగా.

"లేమ్మా. ఎండెక్కింది."

"లేమ్మా. ఎండెక్కింది."

ఇవాళ ఫ్లోర్ మీద ఊపిరి చప్పుడు కూడా లేదు. ఆమె అందిస్తోంది, ఆయన అందుకుంటున్నాడు. జడ వేశాడు. పాయ జారింది. "నిన్న నిన్ను కసిరాను కదూ. ఇంకెప్పుడూ కసరను. ఒక్కసారి చూడు." పైన మంచం కదల్లేదు. ఎక్కడో ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఆయన అడిగిన ఒక్క సీను ఇదే. ఆయన్ని చూసి ఎవరూ నవ్వడం లేదు. ఎందుకు నవ్వడం లేదో ఆమెకి తెలుసు.

ఆఖరి లైను ఒకటి మిగిలింది. "నువ్వు లేచేదాకా నేనిక్కడే ఉంటాను." ఆమె నోరు తెరవబోయింది.

అప్పుడు చూసింది. కుడిపాదం. రబ్బరు చెప్పులో బొటనవేలు పైకి లేచింది. దిగింది. మళ్ళీ లేచింది.

ఆయనకి తెలుసు. ఇందరు మనుషులు ఇంత మర్యాదగా ఎందుకున్నారో, కుర్చీకి దిండు ఎందుకొచ్చిందో, తనని 'సార్' అని ఎందుకంటున్నారో, పొద్దున్నుంచీ ఆయనకి అంతా తెలుసు. ఆమె ఆఖరి లైను తనలోనే దాచుకుంది.

"ఆ తలుపెయ్యండి నాన్నా," అన్నాడు ఆయన, గుండె పగిలిన గొంతుతో. సరిగ్గా ఎంత ఆగాలో అంత ఆగాడు. "దోమలొస్తాయి."

ఎవరూ నవ్వలేదు.

ఎవరో వేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళడం ఆమెకి నేల మీదనుంచి వినపడింది. తలుపు బందులు కిర్రుమన్నాయి. మెల్లగా, జాగ్రత్తగా, తలుపు మూసుకుంది.

"వేసేశాం సార్," అన్నాడు లైటువాడు, నిద్రపోని పిల్లాడికి చెప్పినట్టు. "ఇంక దోమలు రావు."

బొటనవేలు ఆగిపోయింది.

చాలాసేపు ఎవరూ కట్ చెప్పలేదు. ఆయన చెయ్యి మంచం అంచు మీదికి వచ్చింది. వేళ్ళు ఇనప పట్టీని పట్టుకున్నాయి.

"ప్రాంప్టరూ," అన్నాడు కిందికి వంగకుండానే, ఆమెకి మాత్రమే వినపడేలా. "బాగా రాలేదా?"

ఆమె నవ్వింది. ఆ జోకుకి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రాని నవ్వు, దుమ్ము నిండిన గొంతులోంచి, దగ్గులా మొదలై, పెద్దదై, మంచం అడుగు ఇనప రేకుకి తగిలి గదంతా మోగింది. కాగితాలు మొహం మీద పడ్డాయి. తీసెయ్యలేదు. ఇంత పెద్ద ఫ్లోర్ మీద తను ఒక్కతే నవ్వాలి కాబట్టి, పదిమందికి సరిపోయేంత నవ్వింది.

పైనుంచి ఆయన నవ్వు వినపడింది. ఆమె ప్రాణం లేచివచ్చింది. కాగితాలు పక్కకి తోసి చూసింది. ఆమె దగ్గిన చోట ఆయనా దగ్గాడు. ఆమె గొంతు ఎక్కడ పైకి వెళ్ళిందో అక్కడే ఆయన గొంతూ పైకి వెళ్ళింది.

ఆమె ఆపింది.

ఆయనా ఆపాడు. తర్వాతి లైను కోసం చూస్తున్నాడు. రబ్బరు చెప్పులో బొటనవేలు కదలడం లేదు.